బోణీ సామాను

పొద్దున్నే మా వీధిలోకి చెత్త ఎత్తుకుపోయే కుప్పబండి పాట పాడుకుంటూ వస్తుంది. పాటంటే పాట కాదు, మైకులో ఒకావిడ గొంతు. మక్కేది పచ్చ బుట్టలో వెయ్యండి, మక్కనిది నీలం బుట్టలో వెయ్యండి అని తమిళంలో చిన్నపిల్లలకి చెప్పినట్టు చెబుతుంది. మక్కేదంటే మట్టిలో కుళ్ళి కలిసిపోయేది, మక్కనిదంటే కలవనిది. మొన్న ఆ బండి ముందుకి మా పక్కింటి అత్త ఒక పరుపు ఈడ్చుకొచ్చి పెట్టింది. బండివాడు దాన్ని అటొకసారి ఇటొకసారి చూసి, "ఇది రెండిట్లోనూ రాదు పాటీ" అని తమిళంలో అవ్వకి చెప్పినట్టు చెప్పి, బండి ముందుకి పోనిచ్చాడు.

నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ పరుపు మీద పడుకుని పోయిన మనిషి బతికున్నన్నాళ్ళూ మొత్తుకున్న మాట అదే. "రెండే అంటారేమ్మా వీళ్ళు? మూడోది ఒకటి ఉండాది. ఎవురికీ వద్దనేది."

ఆయన అత్త మొగుడు. నాకు వరసకి ఏమీ కాడు. పోదనూరులో రైలు పట్టాలకి ఇవతల ఉన్న మా తెలుగిళ్ళ వీధిలో తెలుగు మాట్లాడేవాళ్ళందరూ ఒకరికొకరు ఏదో ఒకటి అయి తీరాలి, అందుకని మామ. వీధి మొదట్లో ఆయనకి పాత పేపర్ల అంగడి ఉండేది. పేపర్లనే కాదు, ఇనుము, ఇత్తడి, అట్టపెట్టెలు, సీసాలు, ప్లాస్టిక్కు అన్నీ కొనేవాడు. దాని పక్క గోడే నా కుట్టు మిషన్ గోడ. నేను జాకెట్లు కుట్టుకుంటూ ఆయన బేరాలన్నీ వినేదాన్ని.

ఏ సామాను వచ్చినా మామ ముందు వేలి కణుపుతో దాన్ని తట్టేవాడు. తట్టి, తల వంచి చెవి పెట్టేవాడు. గోటితో గీకేవాడు. వాసన చూసేవాడు. అప్పుడు గానీ అది అమ్ముడుపోతుందో లేదో చెప్పేవాడు కాదు. "పోతుంది" అన్నాడంటే గొంతు హుషారుగా ఉండేది, తరాసు పళ్ళెంలో టంగుమని వేసేవాడు. "పోదు" అనాల్సి వస్తే మాత్రం గొంతు సగానికి సగం తగ్గించి, వాళ్ళింట్లో ఎవరికో జబ్బు చేసిన కబురు చెప్పినట్టు చెప్పేవాడు. చెప్పి, తెచ్చినవాళ్ళని ఏమీ అనలేక ఆ వస్తువుని తిట్టేవాడు. ఒకసారి చిప్స్ కవరు ఒకటి లోపలిది బయటికి తిప్పి పట్టుకుని, "నిన్ను ఎవురు చేసినారప్పా? లోపల వెండి, బయట రంగు, నడాన ఏముండాదో నీకే తెలవదు. నిన్ను విడదీసేదానికి ఆ బ్రహ్మ దిగి రావల్ల" అని దానితో పోట్లాడుతున్నాడు. నేను గోడ ఇవతల సూది పట్టుకుని పడీపడీ నవ్వాను.

పాలకవర్లు కడిగి తెస్తే పోతాయి. నూనె డబ్బా పోతుంది, విరిగిన కుర్చీ పోతుంది, కుక్కర్ మూత పోతుంది. థర్మాకోల్ పోదు, పగిలిన అద్దం పోదు, పచ్చడి జాడీ పోదు, మాత్రల అట్టలు పోవు, ట్యూబ్‌లైటు అసలే పోదు. ఇది వీధిలో ఆడవాళ్ళందరికీ తెలుసు. తెలిసీ తెచ్చేవాళ్ళు. దానికి కారణం మామ బోణీ.

అమ్మే అంగడికి మొదట వచ్చి కొన్నవాళ్ళది బోణీ. మామది కొనే అంగడి కాబట్టి మొదట తెచ్చినవాళ్ళది బోణీ. తలుపు తీశాక ముందు వచ్చిన చెయ్యిని వెనక్కి తిప్పి పంపితే ఆ పొద్దంతా తరాసు లేవదని మామ వాళ్ళ నాయన చెప్పిపోయాడట. వాళ్ళ నాయన కాలంలో దీనివల్ల నష్టమేమీ లేదు. అప్పటి ఇళ్ళల్లో ఉన్నవే ఇనుము, ఇత్తడి, కాగితం, సీసా. ఏది తెచ్చినా పోయేదే. మామ కాలం వచ్చేసరికి ఇళ్ళల్లోకి వచ్చిన వస్తువులు వేరు. బోణీ మాత్రం అదే.

ఈ సంగతి వీధికి తెలిసిపోవడమే మామ ఖర్మ. తెల్లారేసరికి అంగడి ముందు ఆడవాళ్ళు నిలబడి ఉండేవాళ్ళు, చేతుల్లో ఎక్కడా పోని సామాను పట్టుకుని. పాత పేపర్ల కట్ట తెచ్చినామెని "నువ్వు కొంచెం ఆగక్కా" అని వెనక్కి నెట్టి, కాలిపోయిన ట్యూబ్‌లైటు ముందుకి వచ్చేది. మామ దాన్ని రెండు చేతులతో అందుకుని, కళ్ళకి అద్దుకుని, తరాసులో పెట్టి నిజంగానే తూచి, వాళ్ళ చేతిలో ఒక నాణెం పెట్టేవాడు. తర్వాత అది పెరట్లోకి పోయేది. పెరటి గోడ పొడుగునా బోణీ సామాను పెరిగింది. గుడ్డ చిరిగిన గొడుగులు, బొమ్మల కొలువులోంచి వచ్చిన తలలేని మట్టి బొమ్మలు, స్కూలు బ్యాగులు, దిళ్ళు.

వాటిల్లో దేవుడి పటాలే ఎక్కువ. నీళ్ళు దిగి మచ్చలు పట్టిన మురుగన్‌లూ లక్ష్మమ్మలూ, రైల్వే కాలనీ నుంచి వచ్చిన ఏసుప్రభువులూ. అన్నీ లామినేషన్ చేసినవి. చెక్కా ప్లాస్టిక్కూ ఒకదాన్నొకటి కరుచుకుని విడిపోవు. పగలగొట్టాలంటే దేవుడి మొహం మీద సుత్తి వెయ్యాలి. మామ ఆ పని చెయ్యలేక వాటిని వరసగా గోడకి నిలబెట్టాడు. శుక్రవారం శుక్రవారం అత్త వాటి ముందు ఒక ఊదుకడ్డీ వెలిగించి, ఆ పొగలోనే మామని తిట్టేది.

"బోణీ అంట బోణీ! ఊర్లో దరిద్రమంతా పొద్దున్నే మా అంగడికే బోణీ!"

అత్త ఊరికే తిట్టి కూర్చునే మనిషి కాదు. మామ తలుపు తియ్యగానే ఇంట్లోంచి తనే పాత పేపర్ల కట్టొకటి తెచ్చి అందరికన్నా ముందు తరాసులో వెయ్యబోయేది, మంచి సామానుతో బోణీ అయిపోతుందని. మామ ఒప్పుకునేవాడు కాదు. "ఇంటి చెయ్యి బోణీ కాదే" అనేవాడు. ఎన్నిసార్లు వేసినా ఎన్నిసార్లు తీసి పక్కన పెట్టాడో. ఆ చేత్తోనే పక్కింటివాళ్ళ పగిలిన అద్దం అందుకునేవాడు. అత్త ఆ మాట మీద ఎంత మండిపడేదంటే, నేను మిషన్ ఆపి వినేదాన్ని.

ఒకసారి అత్త నా చేత ఒక బోర్డు రాయించింది. తమిళంలో పెద్ద పెద్ద అక్షరాలతో, ఇవి ఇక్కడ తీసుకోబడవు అని, వరసగా అన్నీ. మామ దాన్ని దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చదివాడు. "బాగుండాది అమ్మిణీ, అక్షరాలు ముత్యాలే" అని మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, దాన్ని పెరట్లోకి తీసుకుపోయి దేవుడి పటాలకి అడుగు చెమ్మ తగలకుండా కింద పరిచాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా ఆయన మొహం చూస్తే ఏమంటాం?

"అట్ల రాసి పెడితే, పాపం, వాళ్ళు అది ఎత్తుకోని ఏడకి పోతారు?" అన్నాడు నాతో.

ఏడకి పోతారో నాకూ తెలియదు. 

అంగడీ, దాని వెనక పెరడూ మామకి అద్దెవి. ఇంతలో ఆ స్థలం సొంతదారు పోయి, ఆయన కొడుకు వచ్చాడు. అతను చెడ్డవాడేం కాదు. వెనక పెరట్లో ఇల్లు కట్టుకోవాలనుకున్నాడు. "అంగడి మీరు ఉంచుకోండి మామా, నాకేం అభ్యంతరం లేదు. వెనక కుప్ప మాత్రం ఆడి నెల దాటేలోపల తీసెయ్యండి. లేదంటే నేను రెండూ తీసుకోవాల్సి వస్తుంది" అన్నాడు. మామకి ఆ అంగడి తప్ప వేరే బతుకు లేదు. అది పోతే అత్తా మామా ఏం తింటారని వీధంతా జాలిపడింది. జాలిపడిన చేతులతోనే మర్నాడు బోణీకి ఒక థర్మాకోల్ పెట్టె తెచ్చి ఇచ్చింది.

కుప్పబండి మేస్త్రీని అడిగితే, ఇళ్ళ కుప్పయితే తీసుకుంటాం గానీ అంగడి కుప్పని తీసుకోకూడదన్నాడు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. ఎవరి సామాను వాళ్ళకిస్తే, వాళ్ళు రోజుకి కొంచెం చొప్పున తమ ఇంటి కుప్పలో కలిపేస్తారు కదా అని. మామకి చెబితే చెవులు మూసుకున్నాడు. "ఇచ్చిన చేతికే మళ్ళీ ఇయ్యమంటావా? వద్దమ్మా, నాకు సిగ్గు" అన్నాడు. ఆయనకి సిగ్గయితే నాకేం సిగ్గు? అత్తా నేనూ ఒక తోపుడు బండిలో సామాను వేసుకుని ఇల్లిల్లూ తిరిగాం.

ఒక్కరికీ తమ వస్తువు గుర్తులేదు. "మాది కాదే", "మాకు అసలు ఇట్లాంటి దిండే లేదే" అన్నారు. వాటర్ ట్యాంకు పక్కింటావిడకి ఒక పెళ్ళి పటం చూపించాం. లామినేషన్ పొరలు లేచిపోయినా పెళ్ళికూతురు మొహం బాగానే కనిపిస్తోంది. అది ఆవిడే. ఆవిడ పటం వంకా నా వంకా చూసి, "ఎవురో పాపం, బలే సన్నంగా ఉండాది" అంది. అత్త ఆ పటాన్ని మళ్ళీ బండిలో పెట్టింది. ఆ రోజు తీసుకువెళ్ళిందంతా వెనక్కి తెచ్చాం. తెచ్చేసరికి గేటు దగ్గర ఎవరో విరిగిన ఫ్యాను రెక్కలు, ఒక చెప్పుల మూటా పెట్టిపోయి ఉన్నారు. రెక్కలు పోతాయి. చెప్పులు పోవు.

చివరికి దిండిగల్ దగ్గర ప్లాస్టిక్ నూరే మిల్లు ఒకటి ఉందని, అక్కడ కలగలుపు సామాను కూడా తీసుకుంటారని ఎవరో మామకి చెప్పారు. ఆయన అత్త చేతి గాజులు అడిగి, కుదవ పెట్టి వ్యాను మాట్లాడాడు. మా చిన్నమ్మ మనవరాలికి చెవులు కుట్టే వేడుక అక్కడే ఉండటంతో నేనూ ఎక్కాను. దారంతా మామ పెళ్ళికి పోతున్నట్టు ఉన్నాడు. తలకి నూనె రాసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నాడు. "అంతా అయిపోతే పెరడు చిమ్మి, నీళ్ళు చల్లి, మీ అత్తకి ఒక మల్లెతీగ పెడతా" అన్నాడు.

మిల్లు గేటు దగ్గర ఒక నడివయసు ఆవిడ సామాను చూసింది. ఆవిడా మామలాగే వేలితో తట్టింది, వాసన చూసింది. కొన్నిటి అంచు అగ్గిపుల్లతో కాల్చి చూసింది. ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. పక్కన పెట్టినదే మిగతాదాని కంటే పెద్దదైంది, ఆ తర్వాత మిగతాది అంటూ లేకుండా పోయింది. మామ ముందు ధర తగ్గించాడు. తర్వాత ఊరికే తీసుకోమన్నాడు. తర్వాత నేనే ఏమన్నా ఇస్తానమ్మా అన్నాడు. ఆవిడ చేతులు దులుపుకుని, "ఊరికే ఇచ్చినా నేను దీన్ని ఎక్కడ పెట్టేది అయ్యా?" అంది. కోపంగా కాదు. మామ తన అంగట్లో అడిగే మాటే ఆవిడ అడిగింది. మామ తలాడించాడు.

దిండిగల్ వచ్చి బిర్యానీ తినకుండా పోవడమేమిటని డ్రైవరు మూడు పొట్లాలు తెచ్చాడు. మామ వ్యాను నీడలో కూర్చుని తిన్నాడు. తిన్నాక ఆ పొట్లం కాగితాన్ని తిప్పి చూశాడు, లోపల వెండిపొర. గోటితో గీకాడు. "ఇదీ పోదు" అన్నాడు. నేను నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయాను. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

నేను చెవులు కుట్టే వేడుకలో కాసేపు కూర్చుని వచ్చాక బయల్దేరాం. తిరుగు దారిలో పళని దాటాక ఒక ఎండిన వాగు వచ్చింది. ఒడ్డు పొడుగునా ఎవరెవరో పారబోసిన చెత్తే. డ్రైవరు వ్యాను ఆపి, "తాతా, ఇక్కడ పోసేద్దాం. ఎవరూ చూడరు" అన్నాడు తమిళంలో. నేను కూడా పోసెయ్యమన్నాను. నిజం చెప్పాలంటే బతిమాలాను. అంగడి నిలబడాలంటే ఆ పని చెయ్యడం తప్ప దారి లేదు. మామ దిగి, వాగు ఒడ్డుదాకా నడిచాడు. ఒక దేవుడి పటం చేతిలోకి తీసుకున్నాడు కూడా. మళ్ళీ వ్యానులో పెట్టేశాడు.

"నా చేతికి నమ్మి ఇచ్చినారు అమ్మిణీ. బోణీ సామాను. ఈడ ఎట్ల పోసేది?"

"వాళ్ళు నమ్మి ఇయ్యలేదు మామా. వదిలించుకున్నారు!" అని అరిచాను.

"అది వాళ్ళ మనసు" అన్నాడు. వ్యాను ఎక్కి తలుపు వేసుకున్నాడు. వ్యాను నిండుగానే పోదనూరుకి తిరిగి రావడం అత్త చూసింది. గాజుల్లేని చేతులతో సామాను దింపడానికి వచ్చింది.

ఆడి నెల పోయింది. సొంతదారు కొడుకు తను చెప్పిన గడువు దాటాక ఇంకొన్నాళ్ళు ఆగి, ఒక పొద్దున జేసీబీ తెచ్చాడు. బోణీ సామాను ఎక్కడికీ తీసుకుపోలేదు. ఇంటి పునాదికి గొయ్యి ఎలాగూ తవ్వాలి కదా, అందులోకే తోసి, పైన మట్టి పోసి చదును చేశారు. ఇన్నాళ్ళ పెరడు మధ్యాహ్నం భోజనాల వేళకి ఖాళీ అయిపోయింది, అన్న మాట ప్రకారం అంగడీ అతని చేతికి పోయింది. మామ పక్కన నిలబడి అంతా చూశాడు. దేవుడి పటాలు మాత్రం ముందే ఇంటికి చేర్చాడు. "ఇంత సులువా?" అన్నాడు నాతో.  ఆయన కోపం తెచ్చుకుని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అంగడి పోయాక ఆ మనిషి నిలబడలేదు. ముందు కాళ్ళు వాచాయి, తర్వాత మంచం పట్టాడు. నడుము పుళ్ళు పడకుండా అత్త ఎక్కడో అప్పు చేసి స్పాంజి పరుపు తెచ్చి వేసింది. నేను వెళ్ళినప్పుడల్లా ఖాళీ మాత్రల అట్టలు తలగడ కింద నుంచి తీసి చూపించేవాడు. ఒక్కటీ పారెయ్యనిచ్చేవాడు కాదట. గోటితో ఆ వెండి పొరని ఊడదియ్యడానికి చూసేవాడు. కొంచెం ఊడితే ఎంత సంబరమో. "చూసినావా, విడిపోతుండాది" అనేవాడు. అంతలోనే చినిగిపోయేది. ఏడాది తిరిగాక, మొన్న పెరటాసి నెలలో పోయాడు.

పోయినవాళ్ళ పడక ఇంట్లో ఉండకూడదు. అది మా వాళ్ళ పట్టింపు. ఒకప్పుడు చాకలివాళ్ళు వచ్చి తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళ పిల్లలు ఇప్పుడు మిల్లుల్లో, ఆఫీసుల్లో ఉన్నారు. ఇంకొకళ్ళ చావు పడక మేమెందుకు మొయ్యాలంటారు. న్యాయమే. కుప్పబండి రాదంది. అనాథాశ్రమంలో అడిగితే చావు పడక వద్దన్నారు. తగలబెడదామంటే స్పాంజి పొగ వస్తుందని వీధి వీధంతా లేచొచ్చింది. పరుపు వసారాలో నిలబడి ఉండేది, అత్త దాని పక్క నుంచి ఒదిగి నడిచేది.

నిన్న తెల్లవారగానే అత్త వచ్చి నా తలుపు తట్టింది. పరుపుని చుట్టి, మామ లుంగీతో కట్టి ఉంది. "ఒక చెయ్యి పట్టు అమ్మిణీ" అంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. మామ అంగడి ఉన్న చోటే ఆ సొంతదారు కొడుకు షట్టర్లు కట్టి అద్దెకిచ్చాడు. అందులో ఒకటి మళ్ళీ పాత పేపర్ల అంగడే. కొత్తతను ఎవరో ఈరోడ్ వైపు నుంచి వచ్చాడు. కరెంటు తరాసు, రంగుల బోర్డు. అతను షట్టరు ఎత్తేసరికి మేమిద్దరం ఎదురుగా నిలబడి ఉన్నాం. ఇంకెవరూ రాలేదు.

అతను మర్యాదగానే, "బెడ్ తీసుకోం పాటీ" అన్నాడు.

"బోణీప్పా" అంది అత్త. అతనికి అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పింది. "నేనే ముందు వచ్చినా. ఇది బోణీ."

అతను బోర్డు చూపించాడు. అత్తకి చదువు రాదు. నన్ను చదవమంది. నేను చదివాను. పరుపు, దిండు, థర్మాకోల్, ట్యూబ్‌లైటు, అద్దం, పింగాణీ, మాత్రల అట్టలు, చిప్స్ కవర్లు, చెప్పులు, దేవుడి పటాలు. ఒకప్పుడు నేను నా చేత్తో రాసినవే దాదాపు అన్నీ. అత్త చివరిదాకా వింది. విని, నా వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగింది.

"ఇంటి చెయ్యి బోణీ కాదనే గదా మీ మామ అంటుండె? ఇప్పుడు ఇది మా అంగడి కాదు గదా. ఇప్పుడు నా చెయ్యి బోణీనే గదా?"

 అంతలో స్కూటరు మీద ఒకాయన పేపర్ల కట్టలు తెచ్చాడు. కొత్తతను అత్తకి చేతులు జోడించాడు. "కొంచెం పక్కకి జరగండి పాటీ. ఇంకా బోణీ కాలేదు" అన్నాడు. అత్త పక్కకి జరిగింది. పేపర్లు తూచడం అయ్యేదాకా అక్కడే నిలబడి, ఆ తరాసులో ఎర్రగా అంకెలు మారడం చూసింది. తర్వాత వంగి పరుపు చివర పట్టుకుంది. నేను రెండో చివర పట్టుకున్నాను.

వస్తుంటే వాటర్ ట్యాంకు పక్కింటావిడ ముగ్గు వేస్తూ తలెత్తి చూసింది. "ఏంక్కా, కొత్త మెత్తా?" అని పరుపు చూసి పలకరించింది.

అత్త ఆగకుండానే "ఆమా, కొత్తదే" అంది.

ఇంటికొచ్చాక వసారాలో ఆగలేదు. నేరుగా లోపలికి నడిచి, మామ మంచం మీదే పరుపు విప్పి పరిచింది. దుప్పటి దులిపి వేసి, నలుగురూ ఏమనుకుంటారో అని కూడా చూడకుండా, గోడ వైపు తిరిగి దాని మీద పడుకుంది.